గడప లోపలికి వచ్చే నర్సమ్మ కావాలి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆరోగ్యశాఖ మంత్రులకు



ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా అత్తగారు చీరాలలో నా దగ్గర ఉన్నారు. ఆవిడ చెల్లెలు ఖమ్మంలో కొడుకు ఇంట్లో ఉన్నారు. అక్కచెల్లెళ్ళిద్దరికీ డిమెన్షియానే. రాత్రి పదకొండు దాటాక ఆ ఇంటి కోడలు నాకు ఫోన్ చేస్తుంది, లేదంటే నేనే చేస్తాను. మా మాటలు వింటే ఎవరిది ఏ రాష్ట్రమో మీరు పోల్చుకోలేరు.

నేను అడిగేది ఒక్కటే. డిమెన్షియా ఉన్న మనిషిని ఇంట్లో పెట్టుకుని చూసుకుంటున్న ప్రతి కుటుంబానికీ 'ఈ నర్సు మీ నర్సు' అని ఒకరిని చూపించండి. ఆవిడ ఫోన్ నంబరు ఇవ్వండి. నెలకు రెండుసార్లయినా ఆవిడను మా ఇంటికి పంపండి. రోగి ఎంతో, రోగిని చూసుకునే మనిషీ అంతే అన్న లెక్కతో పంపండి. కొత్త భవనం అడగడం లేదు, కొత్త పథకానికి పేరూ అడగడం లేదు.

జబ్బు ఏమిటో తెలిసిన రోజున ఏం జరుగుతుందో మీకు తెలిసే ఉంటుంది. మా అత్తగారిని గుంటూరులో నరాల డాక్టరుకు చూపించాం. స్కాన్ చూశారు. గడియారం బొమ్మ గీయమన్నారు. రక్తపరీక్షలు చేయించారు. డొనెపెజిల్ మాత్ర రాసి, 'ఇది నయమయ్యే జబ్బు కాదమ్మా, మాత్ర కొంత నిలబెడుతుంది, ఓపికగా చూసుకోండి' అన్నారు. ఆయనను తప్పు పట్టను, బయట హాలు నిండా జనం ఉన్నారు. జబ్బు పేరు తేల్చి చెప్పడమే చాలామందికి దక్కని రోజుల్లో ఆ మాటయినా మాకు దక్కింది. అయితే ఈ జబ్బు ఏళ్ళ తరబడి సాగేది. ఆ ఏళ్ళన్నీ గడిచేది మా నడవాలో, వంటగదిలో, స్నానాలగదిలో. అక్కడికి మీ శాఖ నుంచి ఎవరూ రారు.

ఒక నర్సు వస్తే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. అందుకే ఈ ఉత్తరం.

మా అత్తగారు జాండ్రపేట మగ్గాల చప్పుడులో పెరిగిన మనిషి. పెళ్ళయినప్పటి నుంచి రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టారు. ఇప్పుడు కొడుకు పేరు గుర్తుకు రాదు గానీ కుడిచేయి గాలిలో గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, ఎడమచేతి వేళ్ళు లేని పోగును పట్టుకుని ఉంటాయి. పొద్దు వాలేసరికి చీర చెంగు బిగించి తలుపు దగ్గరకు వచ్చి 'ఇంటికి పోతా' అంటారు. ఇదే మన ఇల్లు అత్తయ్యా అంటే కోపం, ఏడుపు. ఇంతవరకూ మేం అలవాటు పడ్డాం. ఒక వారం మాత్రం ఉన్నట్టుండి మనిషి మారిపోయారు. కంచం విసిరేయడం, దగ్గరికి వెళ్తే గీరడం, రాత్రంతా కేకలు. చుట్టాల్లో ఒకరు గాలి సోకిందన్నారు. మందుల షాపులో నిద్రమాత్రలు ఇచ్చారు.

మా వీధి చివర రిటైరైన హెడ్ నర్సు ఒకరు ఉన్నారు. మావారు వెళ్ళి ఆవిడను పిలుచుకొచ్చారు. ఆవిడ నన్నేమీ అడగకుండా ముందు అత్తగారి పక్కన మంచం మీద కూర్చుని చేయి పట్టుకున్నారు. కాసేపటికి మెల్లగా పొట్ట నొక్కి చూశారు. విరేచనమై ఎన్ని రోజులైంది, ఒంటికి పోయేటప్పుడు మూలుగుతున్నారా, నీళ్ళు ఎంత తాగుతున్నారు అని వరసగా అడిగారు. మూత్ర పరీక్ష చేయించమన్నారు. ఇన్ఫెక్షన్ తేలింది, దానికి తోడు రోజుల తరబడి మలబద్ధకం. నొప్పిగా ఉందని చెప్పడానికి అత్తగారికి మాటలు పోయాయి, ఆ నొప్పే కంచం విసిరింది. డాక్టరు రాసిన మందు వాడాక కేకలు ఆగిపోయాయి. డిమెన్షియా ఉన్న మనిషి ఉన్నట్టుండి మరీ తేడాగా ఉంటే అది జబ్బు ముదరడమని అనుకోకూడదని, ఒంట్లో ఎక్కడో ఇంకేదో జరుగుతోందని వెతకాలని ఆ రోజే తెలిసింది. ఈ ఒక్క ముక్క తెలియక ఎన్ని ఇళ్ళలో పెద్దవాళ్ళను మంచానికి కట్టేశారో!

ఆవిడ తరవాత కూడా అప్పుడప్పుడు వచ్చారు. స్నానం అంటే అత్తగారికి ప్రాణభయం. నెత్తిమీద చెంబెడు నీళ్ళు పడగానే అరిచేవారు. ముందు పాదాల మీద గోరువెచ్చటి నీళ్ళు పోసి, ఆ తరవాత చేతులకు, భుజాలకు రావాలనీ, ఒంటిమీద తువ్వాలు కప్పే ఉంచి దాని కిందే రుద్దాలనీ చేసి చూపించారు. రోజూ తలస్నానం అక్కర్లేదన్నారు. అన్నం పడుకోబెట్టి పెట్టొద్దు, వీపు నిటారుగా ఉండాలి, గడ్డం కాస్త కిందికి వంచాలి, తిన్నాక అరగంట కూర్చోబెట్టాలి అన్నారు. చారన్నం తేలిగ్గా దిగుతుందనుకుంటాం గానీ పలచటివే ముందు పొలమారతాయి, మెత్తగా కలిపిన పప్పన్నం నయం. పొలమారినది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది, ఈ జబ్బులో చాలామందిని తీసుకుపోయేది అదే. జలుబుకు షాపులో ఇచ్చే కొన్ని మాత్రలు, నిద్రమాత్రలు అయోమయాన్ని ఇంకా పెంచుతాయి, నడిచే మనిషిని పడేస్తాయి. 'ఇంటికి పోతా' అంటే వాదించొద్దు, 'పోదాం, ముందు ఈ నూలు చుట్టి పెట్టండి' అని పాత పోగుల ఉండ ఒకటి చేతిలో పెట్టమన్నారు. ఇప్పుడు మా ఇంట్లో సాయంత్రాలు చాలావరకు ఆ ఉండతోనే గడుస్తున్నాయి.

ఇవి బ్రహ్మవిద్యలేమీ కావు. చెప్పే మనిషి లేకపోతే మాత్రం ఒక్కొక్కటి తెలియడానికి ఇంట్లో ఒక్కో ప్రమాదం జరగాలి.

మొదటిరోజు వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి ఆవిడ నన్ను అడిగారు: 'నువ్వు బీపీ ఎప్పుడు చూపించుకున్నావమ్మా?' అప్పటిదాకా ఏ డాక్టరూ, ఏ చుట్టమూ నన్ను ఆ మాట అడగలేదు. మంచి కోడలివి అన్నారు, పుణ్యం వస్తుందన్నారు. ఆవిడ పట్టీ చుట్టి చూస్తే బీపీ బాగా ఎక్కువగా ఉంది. రాత్రి నిద్ర లేకపోవడం, నడుం నొప్పి, వేళకు తిండి లేకపోవడం, ఏడవడానికి కూడా చోటు లేకపోవడం, ఇవన్నీ కలిసి చూసుకునే మనిషినీ రోగిని చేస్తాయి. ఖమ్మంలో మా తోటికోడలిదీ ఇదే కథ, కాకపోతే ఆమెకు వీధి చివర నర్సమ్మ లేదు. అదృష్టం మీద ఆధారపడకుండా ఆ నర్సమ్మ ప్రతి వీధికీ ఉండేలా చూడటమే ప్రభుత్వం పని అని నేను అనుకుంటున్నాను.

ఎంతమంది ఉన్నారు అని మీ అధికారులు అడుగుతారు. దేశమంతా ఇళ్ళకు వెళ్ళి పెద్దవాళ్ళను పరీక్షించి చేసిన లాసి-డాడ్ అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని, అంటే సుమారు 88 లక్షల మంది అని అది తేల్చింది. 2036 నాటికి అది కోటీ 69 లక్షలకు చేరవచ్చని అంచనా. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో, పట్నాల కంటే పల్లెల్లో ఎక్కువని కూడా చెప్పింది. ఇది బంజారాహిల్స్ జబ్బు కాదు, మా జాండ్రపేట జబ్బు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రెండు రాష్ట్రాల్లో ఒక్కో తల్లికి పిల్లలు సగటున ఇద్దరు కూడా లేరు, ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. ఆ ఉన్న ఒకరిద్దరిలో ఒకరు డల్లాస్‌లోనో బెంగళూరులోనో ఉంటారు. రేపు చూసుకునే చేతులు ఇంకా తగ్గుతాయి.

ఇప్పుడు ఉన్నవేమిటో చూద్దాం. 70 ఏళ్ళు దాటినవారికి ఆయుష్మాన్ కార్డు మీద ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉంది. మంచిదే, కానీ అది ఆస్పత్రిలో చేరితేనే. మా అత్తగారిని ఆస్పత్రిలో పడుకోబెడితే కొత్త చోటు చూసి ఇంకా బెదిరిపోతారు. పెద్దల హెల్ప్‌లైన్ 14567 ఉంది, మానసిక ఆరోగ్యానికి టెలిమానస్ 14416 ఉంది. అవి తెలియనివాళ్ళు రాసిపెట్టుకోవాలి, అర్ధరాత్రి ఒక గొంతు వినపడటమూ సాయమే. కానీ ఫోనులోంచి ఎవరూ వీపు మీద పుండు చూడలేరు.

చట్టమూ ఉంది. తల్లిదండ్రుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ముసలివాళ్ళను వదిలేసినవారికి మూడు నెలల దాకా జైలు, 5 వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ చట్టం అవసరమే. వృద్ధాశ్రమం గేటు దగ్గర తల్లిని దించి వెళ్ళిన కొడుకు గురించి పేపర్లో వార్త వస్తుంది, అందరం ఛీ అంటాం. వదలకుండా చూసుకుంటూ ఇంట్లోనే ఉండిపోయిన కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, డెబ్బై ఏళ్ళ భర్తలు, భార్యలు ఎన్ని లక్షల మందో! వాళ్ళకోసం ఆ చట్టంలో ఒక్క సెక్షనూ లేదు. ముసలివాళ్ళ మీద చేయి చేసుకున్న ఘటనల వెనక చాలాచోట్ల దుర్మార్గం ఉండదు, నిద్రలేని రాత్రులు ఉంటాయి. నేను దాన్ని సమర్థించడం లేదు. ఆపడానికి మొదటి మెట్టు ఎక్కడుందో చెబుతున్నాను.

ఆశా కార్యకర్త ఇంటింటికీ తెచ్చే సీబ్యాక్ ఫారం మీకు తెలుసు. 30 ఏళ్ళు దాటినవారి బీపీ, షుగరు, క్యాన్సరు లక్షణాల కోసం నింపేది. అందులో 60 దాటినవారికి విడిగా నాలుగు ప్రశ్నలున్నాయి. తినడానికి, బట్టలు కట్టుకోవడానికి, స్నానానికి ఇంకొకరి సాయం కావాలా అన్నది ఒకటి. అయినవాళ్ళ పేర్లు గానీ సొంత ఇంటి చిరునామా గానీ మరచిపోతున్నారా అన్నది ఇంకొకటి. అంటే అడగాల్సిన ప్రశ్న మీ శాఖ దగ్గర అచ్చయి ఉంది, అడిగే మనిషీ మా గుమ్మం దాకా వస్తోంది. 'అవును' అన్నచోట టిక్కు పడుతుంది. ఆస్పత్రికి తీసుకెళ్ళి చూపించమంటుంది. ఆ టిక్కు పడ్డ ఇంటికి మళ్ళీ ఒక మనిషి రావాలి. నేను అడిగే నర్సు ఆ టిక్కు దగ్గర మొదలు కావాలి.

ఈ పనిని కూడా ఆశా నెత్తిమీదే ఇంకో ఫారంగా వేయకండి. వాళ్ళకు ఇప్పటికే మోయలేనంత ఉంది, ఇచ్చేది అరకొర. మా ఇంటికి వచ్చే అమ్మాయికి కూడా ఇంట్లో మంచాన పడ్డ మామగారు ఉన్నారు.

ఇది మన దేశంలో జరిగే పనేనా అన్న అనుమానం ఉంటే గోవా వైపు చూడండి. అక్కడ రెండు తాలూకాల్లో డిమెన్షియా ఉన్న 81 కుటుంబాలతో ఒక ప్రయోగం చేశారు, ఫలితాలు 2008లో ప్రచురించారు. పెద్ద డిగ్రీలున్నవారిని పెట్టుకోలేదు. ఇంటర్ దాకా చదివిన స్థానికులకు శిక్షణ ఇచ్చి, పదిహేను రోజులకోసారైనా ఇంటికి పంపారు. జబ్బు గురించి చెప్పడం, గొడవ పడే వేళల్లో ఏం చేయాలో చూపించడం, ఇంట్లో మిగతావాళ్ళను కూడా సాయానికి కూడగట్టడం, ఏ పథకం కింద ఏం దొరుకుతుందో చెప్పడం వాళ్ళ పని. వెనక మానసిక వైద్యుడు ఉన్నారు. ఆరు నెలలకు చూసుకునేవాళ్ళ మానసిక ఆరోగ్యం మెరుగైంది, రోగి ప్రవర్తన వల్ల పడే బాధ తగ్గింది. ఇంటర్ చదివినవాళ్ళతో అంత జరిగితే, నర్సింగ్ చదివినవాళ్ళతో ఎంత జరగాలి!

అమెరికాలో న్యూయార్క్ పరిశోధకులు భర్తనో భార్యనో చూసుకుంటున్న 406 మందితో చేసిన అధ్యయనం ఒకటుంది. చూసుకునే మనిషితో విడిగానూ, కుటుంబంతోనూ మొత్తం ఆరుసార్లు కూర్చుని మాట్లాడారు, తరవాత ఎప్పుడు ఫోన్ చేసినా పలికారు. అలా చేసిన ఇళ్ళలో రోగిని నర్సింగ్ హోముకు పంపాల్సిన రోజు సగటున ఏడాదిన్నర వెనక్కి జరిగింది. మనకు అలాంటి నర్సింగ్ హోములు దాదాపు లేవు, మనకు ఆ ఏడాదిన్నర అంటే ఇంట్లో ఇంకో మనిషి కూలిపోకుండా ఉండటమే. ఇంగ్లండులో ఈ పనికే ప్రత్యేకంగా నర్సులున్నారు, అడ్మిరల్ నర్సులంటారు. డిమెన్షియాతో పోయిన జోసెఫ్ లెవీ అనే ఆయన కుటుంబం, తాము పడ్డ కష్టం ఇంకొకరు పడకూడదని మొదలుపెట్టించింది. పడవలంటే ఇష్టమని ఆయన్ని అడ్మిరల్ జో అని పిలిచేవారట, పేరు అలా వచ్చింది. 1990ల్లో లండన్‌లో మొదలై ఇప్పుడు వందల మంది అయ్యారు. వాళ్ళు ముందు చూసేది చూసుకునేవాళ్ళను.

అంత దూరం కూడా అక్కర్లేదు. కేరళ 2008లో పాలియేటివ్ కేర్ (ఉపశమన సేవ) విధానం తెచ్చి పంచాయతీల ద్వారా నర్సులను మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు పంపుతోంది. తెలంగాణలోనే 'ఆలన' బృందాలు వాహనాల్లో ఇళ్ళకు వెళ్తున్నాయి. డిమెన్షియా కుటుంబాలను కూడా వాళ్ళ జాబితాలో చేర్చండి, అదీ రోగి మంచం పట్టాక కాదు, ఇంకా తిరుగుతూ తలుపు తీసుకుని పోతున్న రోజుల్లోనే. ఆ దశలోనే ఇంటివాళ్ళకు ఎక్కువ సాయం కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ క్లినిక్కుల్లో బీఎస్సీ నర్సింగ్ చదివిన మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది (ఎంఎల్‌హెచ్‌పీలు) ఉన్నారు. మండలానికి ఒకరిద్దరికి డిమెన్షియాలో శిక్షణ ఇచ్చి, వారంలో కొన్ని రోజులు ఈ ఇళ్ళకే కేటాయిస్తే మొదలుపెట్టడానికి చాలు.

చెప్పక తప్పని సంగతి ఇంకొకటి ఉంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ మన నర్సులకు జర్మన్, జపనీస్ భాషలు నేర్పించి ఆ దేశాలకు పంపుతోంది. వెళ్ళనివ్వండి, వాళ్ళకు మంచి జీతం రావాలి, నేను కాదనను. ముసలితనం నిండిన ఆ దేశాల్లో మన అమ్మాయిలు వేరే భాషలో వాళ్ళ అవ్వలకు అన్నం తినిపిస్తున్నారంటే, ఈ పని చేయగల మనుషులు మన దగ్గర లేరన్న మాట నిజం కాదు. ఇక్కడ ఆ పోస్టు లేదు, అంతే. పరిజ్ఞానమూ తక్కువేం కాదు. రెండు భాషలు మాట్లాడేవారికి డిమెన్షియా నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా వస్తోందని 2013లో ప్రపంచానికి చెప్పిన పరిశోధన హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను చూసి చేసిందే.

పోస్టు పెట్టేటప్పుడు కొన్ని విషయాలు మాత్రం గట్టిగా పట్టుకోండి. నర్సు నెలనెలా మారకూడదు. మతి తప్పిన మనిషికి ముఖాలు మారితే భయం, మాకేమో ప్రతిసారీ కథ మొదటి నుంచి చెప్పుకోవడం. వచ్చినప్పుడు చూసుకునే మనిషి బీపీ, షుగరు, నిద్ర కూడా చూడాలి, ఆవిడతో విడిగా పది నిమిషాలు కూర్చోవాలి, అత్తగారి ముందు, భర్త ముందు కొన్ని మాటలు బయటికి రావు. డాక్టరుకు ఫోన్ చేసి మందు మార్పించగల అధికారం ఆవిడకు ఉండాలి, లేకపోతే ఉత్త పలకరింపు అవుతుంది. వారంలో ఒక పూట విడుపు కావాలి. ఆ పూట ఎవరో ఒకరు వచ్చి రోగి దగ్గర కూర్చుంటే మేం బ్యాంకుకు వెళ్తాం, పంటి డాక్టరు దగ్గరికి వెళ్తాం, ఊరికే పడుకుంటాం. రోగి పోయాక కూడా నర్సు ఒకటి రెండుసార్లు రావాలి. ఏళ్ళ తరబడి రాత్రీ పగలూ ఒకే మనిషి చుట్టూ తిరిగినవాళ్ళు ఆ తరవాత ఏమవుతున్నారో ఎవరూ పట్టించుకోవడం లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో డిమెన్షియా మీద కార్యాచరణ ప్రణాళిక తెచ్చినప్పుడు చూసుకునేవాళ్ళకు శిక్షణ, ఆసరా ఇవ్వడాన్ని ఒక లక్ష్యంగా పెట్టింది. కాగితం మీద అందరూ ఒప్పుకున్నదే. రెండు రాష్ట్రాల్లో ఒక్కో జిల్లా ఎంచుకుని మొదలుపెట్టండి. నేత ఊళ్ళున్న మా బాపట్ల జిల్లా అయితే సంతోషిస్తాను, ఇంకేదైనా సరే. ప్రతి సెప్టెంబరు 21న అల్జీమర్స్ దినం నాడు మీరు ఎలాగూ ప్రకటన ఇస్తారు. ఈసారి అందులో ఎన్ని ఇళ్ళకు నర్సు వెళ్ళిందో, చూసుకునేవాళ్ళు ఏమన్నారో అంకెలతో ఇవ్వండి.

నర్సులకు శిక్షణ తరగతులు పెట్టినప్పుడు డాక్టర్లతో పాటు ఒక పూట మాలాంటివాళ్ళను కూడా పిలవండి. స్నానం ఎలా చేయించాలో, పొలమారితే ఏం చేయాలో, తెల్లవారుజామున మూడింటికి ఏ మాట పనిచేస్తుందో మేం చెబుతాం. ఖర్చులు అక్కర్లేదు. ఆ పూట ఇంట్లో అత్తగారి దగ్గర కూర్చోవడానికి ఒక మనిషిని పంపితే చాలు, నేను వస్తాను. ఖమ్మం నుంచి మా తోటికోడలూ వస్తానంది.

ఇట్లు,
చీరాల నుంచి ఒక కోడలు